ఆసూ రాజూ, మధ్యలో మూడు ముక్కలు

చేతిలో ఆసూ రాజూ పడితే ఎవరి మొహమైనా వెలుగుతుంది. పేకాట మానలేక మా దగ్గరికొచ్చిన సత్తిరాజుకైతే చెవులు కూడా ఎర్రబడేవి.

మా ప్రయోగశాలలో ఆకుపచ్చ గుడ్డ పరిచిన బల్ల ముందు కూర్చుని, తన రెండు ముక్కల కొసలు పైకెత్తి చూసుకుని, ముందున్న చింతపిక్కల్లోంచి గుప్పెడు తీసి మధ్యకి తోశాడాయన. నేను బల్ల మీద మూడు ముక్కలు పరిచాను. ఏడు, ఎనిమిది, రెండు. ఒక్కోటి ఒక్కో జాతి. ఆసుకీ రాజుకీ వాటితో ఏ చుట్టరికమూ లేదు.

పోకర్‌లో చేతికొచ్చేవి రెండే ముక్కలు. మిగతావి అందరికీ ఉమ్మడిగా బల్ల మధ్యలో పడతాయి, ముందు మూడు, తర్వాత ఒకటి, ఆఖర్న ఇంకొకటి. ఆ ఉమ్మడి ముక్కలు మన చేతికి అతికితే అదృష్టం. అతకకపోతే ఎంత గొప్ప ఆసయినా, ఎంత గొప్ప రాజయినా చూసుకుని మురవడానికే. అప్పుడు సత్తిరాజు ముందు రెండు మీటలు వెలిగేవి. పచ్చది నొక్కితే ఇంకా పిక్కలు వేస్తానని. ఎర్రది నొక్కితే ఆట వదిలేస్తానని.

సత్తిరాజు పచ్చదే నొక్కాడు. నాలుగో ముక్క కూడా పనికిరానిదే పడింది. మళ్లీ పచ్చదే.

"ఏం చూసుకుని వేస్తున్నావయ్యా?" అన్నాను ఉండబట్టలేక.

"రాణీ జాకీ రావాలండి. ఆసు, రాజు ఉంటే రాకెక్కడికి పోతాయండి?"

"అవి రావడానికి ఇదేం రమ్మీ కాదు నాయనా."

"వస్తాయండి," అన్నాడు నా మీద జాలిపడుతూ. రాలేదు.

తర్వాత అతని చెవి వెనక చిక్కుడు గింజంత పరికరం అంటించి, అవే ముక్కలు మళ్లీ పంచాను. ఆసూ రాజూ చూసి మొహం వెలిగింది. మధ్యలో మూడు ముక్కలు చూశాడు, ఆవలించాడు, ఎర్ర మీట నొక్కాడు. అద్దం అవతల నిలబడ్డ ఫణీంద్ర నన్ను చూసి, బడిలో బహుమతి వచ్చిన పిల్లాడిలా నవ్వాడు.

ఫణి నా మరిది. ఆ పరికరం వాడి బుర్రలో పుట్టిందే, దాని పేరు 'తెంపు'. నేను హైమవతిని, ఆ ప్రయోగశాలలో గణాంకాలు చూసేదాన్ని. నేను కాపురానికొచ్చేనాటికి వాడింకా నిక్కర్లేసుకుని తిరుగుతున్నాడు, అందుకని ఎంత పెద్ద శాస్త్రవేత్త అయినా నాకు వాడు 'ఏరా'నే. మొదట్లో మంచి ఆశ కలిగి, తర్వాత అది నెరవేరని క్షణంలో మెదడులో ఒక సంకేతం భగ్గుమంటుందట. మనిషిని పట్టుకుని వేలాడేలా చేసేది అదే. తెంపు దాన్ని చల్లారుస్తుంది. జూదం మానలేనివాళ్లకీ, పోయినవాళ్లని తలచుకుని అన్నం ముట్టనివాళ్లకీ మందులా పనికొస్తుందని మా ఆశ. నాకూ ఆ ఆశ ఉండేది, కాదనను.

ఇక ఇంటి సంగతి. విశాఖలో కొండవాలున ఉన్న మా ఇంట్లో పై వాటా ఫణిది, వాడి భార్య మృదులది. పెళ్లికి ముందు మృదుల సముద్రాన్ని కొలిచే పరిశోధన నౌకలో పనిచేసేది. నెలల తరబడి నీళ్ల మీదే. అలాంటి పిల్ల ఒక సెమినార్‌లో ఫణిని చూసి, ఇంట్లోవాళ్లని ఒప్పించి, నౌక వదిలేసి ఒడ్డుకి వచ్చేసింది. వాళ్లిద్దరూ మేడ మెట్ల మీద కూర్చుని ముచ్చట్లు పెట్టుకుంటే కింద వంటింట్లో ఉన్న నాకు కూడా నవ్వొచ్చేది. అంత ముద్దుగా ఉండేవాళ్లు.

నాలుగేళ్లకి మృదులకి మెదడు జ్వరం వచ్చింది. మనిషి దక్కింది. కానీ కళ్లు తెరిచేసరికి ఆమెకి నౌక గుర్తుంది, నాన్న గుర్తున్నాడు, చిన్నప్పటి పాఠాలు గుర్తున్నాయి. ఫణి లేడు. వాడిని చూసి, "డాక్టరుగారూ, ఇంటికెప్పుడు పంపిస్తారు?" అంది. వాడు డాక్టరనే అనుకుంది పాపం.

ఆ నాలుగేళ్లు తిరిగి రావడం కష్టమని డాక్టర్లు చెప్పారు. ఫణి వింటేగా! సాయంత్రమయ్యేసరికి పెళ్లి ఫోటోలు పట్టుకుని ఆమె ముందు కూర్చునేవాడు. "ఇది చూడు, ఇది అరకులో. ఇక్కడ నువ్వు జారిపడ్డావు, గుర్తొచ్చిందా?" వాళ్లు మొదట కలిసి మురీ మిక్చర్ తిన్న బండి దగ్గరికి బీచ్‌లో నడిపించుకెళ్లేవాడు. గుత్తివంకాయ వండి వడ్డించేవాడు.

"నాకు వంకాయ పడదండీ," అనేది మృదుల నొచ్చుకుంటూ.

"పడేది. నీకు చాలా ఇష్టం, నేనే అలవాటు చేశాను."

ఆమె తల పట్టుకుని లోపలికి వెళ్లిపోయేది. ఒకరోజు నాతో అంది, "ఆయన మంచాయనే హైమగారూ. కానీ నన్ను చూస్తున్నంతసేపూ నా వెనకాల ఇంకెవరో నిలబడి ఉన్నట్టు చూస్తారు. నేను పక్కకి తప్పుకోవాలేమో అనిపిస్తుంది." నేను లేచి మజ్జిగ కలిపి ఇచ్చాను.

అలా ఉండగా, సత్తిరాజుని తెంపుతోనే ఇంటికి పంపిన కొన్నాళ్లకి, ఒక పొద్దున అతని భార్య నూకరత్నం ప్రయోగశాలకి వచ్చింది. గేటు దగ్గరే గొంతు వినిపించింది.

"ఏటమ్మా, మా ఆయన్ని ఏటి సేసినారు మీరు?"

"ఏమైందమ్మా? పేకాట మళ్లీ మొదలెట్టాడా?"

"పేకలు మానీసినాడు, దానికి దండం ఎడతాను. పిల్ల కాలేజీలో మొదటి పరీచ్చ తప్పితే, ఇంకెందుకులే అని సదువు మానిపించీసినాడు. కూరలో ఉప్పెక్కువైతే కంచం ముందునుంచి లేసిపోతన్నాడు. కోపం లేదు, తిట్టడు, కొట్టడు. వదిలీడమే. రేపు నాకు జొరమొస్తే నన్ను కూడా వదిలీస్తాడేటి?"

ఆవిణ్ణి కూర్చోబెట్టి టీ ఇప్పించాను. ఫణిని పిలిచి విషయం చెబితే, మొహంలో ఏ కదలికా లేకుండా, "మోతాదు ఎక్కువైనట్టుంది, తగ్గిద్దాం," అన్నాడు. మామూలుగా అయితే వాడు ఇలాంటి మాట వింటే మూడు రోజులు కుమిలేవాడు. నాకెందుకో మనసు కీడు శంకించింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర అర్థమైంది. మా ఆయన పోర్టులో డ్యూటీకి వెళ్లాడు, మృదుల తలనొప్పని పైనే పడుకుంది. ఫణి తీరిగ్గా మారువడ్డించుకుని, "వదినా, మృదులని వాళ్ల నాన్నగారి దగ్గరికి పంపించేద్దామనుకుంటున్నా. ఆయనకి ఫోన్ చేశాను, ఆదివారం వస్తారు," అన్నాడు. ఖాళీ అయిన గ్యాస్ బండ వెనక్కి పంపే సంగతి చెప్పినట్టు చెప్పాడు.

నేను లేచి వెళ్లి వాడి జుట్టు పక్కకి తీశాను. చెవి వెనక చిక్కుడు గింజ.

"ఎన్నాళ్లయిందిరా ఇది పెట్టుకుని?"

"కొన్నాళ్లయింది."

"తీయరా దాన్ని! నీకేమైనా మతిపోయిందా? నువ్వు కట్టుకున్న పెళ్లాంరా అది!"

"అరవకు వదినా, ఆమె లేస్తుంది." వాడి గొంతు చల్లగా ఉంది. "జ్వరం వచ్చినప్పట్నుంచీ మొదటిసారి నాకు నిద్ర పడుతోంది. ఆమెకీ హాయిగానే ఉంది, నేను ఫోటోలు చూపించట్లేదు కదా. రానిదాని కోసం ఇద్దరం ఎందుకు చావాలి? నువ్వే చెప్పు."

వాడి కళ్ల కింద నలుపు పోయింది. బుగ్గలు పూడుకున్నాయి. అన్ని నెలలు చిక్కి శల్యమైపోతుంటే చూసినదాన్ని, మళ్లీ ఆ నరకంలోకి పోరా అని ఎలా అంటాను? అనకపోతే ఆ పిల్ల ఆదివారం కారెక్కి వెళ్లిపోతుంది. ఏం చేయాలో తోచక గిన్నెలన్నీ ఠపఠపా ఎత్తేశాను. దేవుడి మీద కోపం కాస్తా గిన్నెల మీద పోయింది.

శనివారం మా ఇంట్లో సున్నం వేసేవాళ్లు దిగారు. మృదులని ఆ దుమ్ములో వదల్లేక నాతో ప్రయోగశాలకి తీసుకెళ్లాను. ఆ పూట పరీక్షలు లేవు, బల్ల ఖాళీగా ఉంది. ఫణి ఒక మూల కంప్యూటర్ ముందు ఉన్నాడు. మృదుల పేకముక్కలు చూడగానే, వెళ్లి కూర్చుని కట్ట అందుకుంది. ఆమె వేళ్లు పేక కలిపిన తీరు చూస్తే నాకు మతిపోయింది.

"ఎక్కడ నేర్చుకున్నావే ఇది?"

"నౌకలో. తుఫాను వస్తే పని ఉండదు కదండీ. బిస్కెట్లు పెట్టి ఆడేవాళ్లం, గెలిచినవాడు తినేసేవాడు." పెళ్లయ్యాక మా ఇంట్లో రమ్మీ తప్ప ఇంకోటి ఎవరూ ఆడరు, అందుకని ఆమెకి పోకర్ వచ్చని మాకెవరికీ తెలియదు. ఆమె ముందున్న మీటలు చూసింది. పచ్చది, ఎర్రది. బల్ల అంచు కిందికి వంగి కూడా చూసింది.

"ఇందులో చెక్ కొట్టే మీట ఏది?"

"అంటే?" అన్నాను.

"అంటే, ఏమీ వేయను, అలాగని పోను. తర్వాతి ముక్క చూస్తాను."

ఫణి మూల నుంచే, "అది తీసేశాం," అన్నాడు. "వేస్తారా, వదిలేస్తారా అన్నదే మాకు కావాలి. మూడోది ఉంటే లెక్క చెడిపోతుంది."

మృదుల పకపకా నవ్వింది. ఆమె అంత గట్టిగా నవ్వడం నేను అదే మొదటిసారి వినడం. "మరి పోకర్ అని ఎందుకన్నారండీ? చేతిలో మంచి ముక్కలున్నాయి, మధ్యలోవి కలిసిరాలేదు. అప్పుడు ఆడేవాడు చేసే మొదటి పని అదే కదా!"

నాకు నెత్తిన మొట్టినట్టయింది. మా ఇల్లు రమ్మీలో పుట్టి రమ్మీలో పెరిగింది. పెళ్లివారి విడిదిలో రమ్మీ, రైల్లో తువ్వాలు పరిచి రమ్మీ. రమ్మీలో నీ వంతు వచ్చిందంటే ముక్క ఎత్తి ముక్క పడేయాలి, లేదంటే డ్రాప్ చెప్పి తప్పుకోవాలి. ఊరికే కూర్చుని చూడటమన్నదే లేదు. అందుకే పోకర్ నియమాల్లో ఆ మధ్యలోది ఎవరికీ ముఖ్యమనిపించలేదు. ఇంతమంది చదువుకున్నవాళ్లం, ఒక్కరికైనా వింతగా తోచలేదు చూడండి!

"రండి, ఒక ఆట వేద్దాం. మీరు కూడా," అంది మృదుల ఫణితో. వాడు వచ్చి కూర్చున్నాడు. తలా రెండు పిక్కలు మధ్యలో వేశాం. ఆమె ముక్కలు పంచి, మధ్యలో మూడు పరిచింది. ఎనిమిది, ఆరు, మూడు. ఫణి చూసీ చూడగానే తన ముక్కలు బోర్లించేశాడు. మృదుల వేలితో బల్ల మీద రెండుసార్లు తట్టింది.

"ఇప్పుడు నేను ఆగాను. మీరు పిక్కలు వేస్తే నేను తేల్చుకోవాలి. మీరు కూడా తడితే, తర్వాతి ముక్క ఇద్దరికీ ఉచితం."

నా చేతిలో ఒక ఎనిమిది ఉంది. జత పడిందన్నమాట. అయినా ధైర్యం చాల్లేదు, నేనూ తట్టాను. నాలుగో ముక్క పడింది, ఇద్దరం తట్టాం. ఐదోది పడింది, మళ్లీ తట్టాం. ముక్కలు తిప్పితే ఆమెవి ఆసూ రాజూ. చివరిదాకా ఏదీ అతకలేదు. నా ఎనిమిదుల జతే గెలిచింది.

"ఓడిపోయావు కదే," అన్నాను.

"ఏం పోయిందండీ? మొదట వేసిన రెండు పిక్కలేగా. మిగతావన్నీ నా దగ్గరే ఉన్నాయి. ఇంకో రెండు ముక్కలు కూడా చూశాను." పిక్కలు నా వైపు జరుపుతూ అంది, "కానీ హైమగారూ, ఇది ఒక్కళ్లు అనుకుంటే అయ్యేది కాదు. అవతలివాళ్లు కూడా తొందరపెట్టకూడదు. మీరు గుప్పెడు పిక్కలు తోసి ఉంటే నేను లేచిపోయేదాన్ని."

ఫణి ఆమె మొహంలోకి చూస్తూ ఉండిపోయాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "వదినా, మీట నొక్కకుండా ఆలోచిస్తూ కూర్చున్నవాళ్లని ఏ లెక్కలో వేశాం?"

"గంట మోగించాం. అయినా నొక్కకపోతే వదల్లేనివాళ్ల కింద వేశాం. నువ్వే వేయమన్నావు."

"అయితే వేలాడటమూ, ఓపిగ్గా ఉండటమూ తెంపుకి ఒకటే. రెండూ చల్లార్చేస్తోంది. సత్తిరాజుకి చేసింది అదే." చెవి వెనక తడుముకున్నాడు. "నాకూ అదే."

ఏళ్ల తరబడి పడ్డ కష్టం మొదట్నుంచీ తప్పేనని తెలిస్తే ఏ శాస్త్రవేత్తయినా పట్టుకుని వేలాడతాడు, వాదిస్తాడు, సాకులు వెతుకుతాడు. వీడికి ఆ బెడద లేదు. చెవి వెనక తెంపు ఉంది కదా! తన పరికరాన్ని కూడా అంతే తేలిగ్గా వదిలేశాడు. గోటితో గిల్లి తీసి బల్ల మీద పెట్టాడు.

కాసేపటికి ఆపి ఉంచిన దుఃఖమంతా ఒక్కసారిగా వచ్చి పడింది, భార్యదీ, పనిదీ, నూకరత్నం కూతురిదీ అన్నీ కలిసి. మా వాడు బల్ల మీద తల వాల్చి బావురుమన్నాడు. నేను వీపు నిమురుతూ నిలబడ్డాను. మృదుల కంగారుగా చూసి, మంచినీళ్లు తెచ్చి వాడి మోచేతి దగ్గర పెట్టి, ఏమీ అడగకుండా కాస్త దూరంగా కూర్చుంది.

ఆ సాయంత్రమే ఫోన్లు చేసి, పిలిపించి, అందరి తెంపులూ తీయించాం. ప్రయోగం తప్పని ఫణి పైవాళ్లకి రాసిచ్చాడు. ఆ తర్వాత కొన్నాళ్లకి సత్తిరాజు కూతురు మళ్లీ కాలేజీకి వెళ్లడం నేను కళ్లారా చూశాను. సత్తిరాజు కూడా మళ్లీ పేకాటకి వెళ్లాడు. నూకరత్నం నాకు ఎదురుపడితే తిడుతుందనుకున్నాను. తిట్టింది కూడా. తిట్టి, "కూరలో ఉప్పెక్కువైతే అరుత్తన్నాడులెండి," అని కళ్లొత్తుకుని వెళ్లింది. ఆవిడకి నేను చేసిపెట్టగలిగింది ఇంకేమీ లేకపోయింది, అది నాకు ఇప్పటికీ బాధే.

ఫణి తెంపు తీసిన మర్నాడు, ఆదివారం, పదిగంటలకల్లా మృదుల నాన్నగారు సన్యాసిరావుగారు పార్వతీపురం నుంచి కారులో దిగారు. మృదుల బ్యాగు సర్దుకుని ముందే గుమ్మంలో ఉంది. వెళ్లాలని సర్దుకుందో, పంపించేస్తున్నారని సర్దుకుందో నేను అడగలేదు. డ్రైవర్ బ్యాగు తీసుకెళ్లి డిక్కీలో పెట్టాడు.

ఫణి రాత్రంతా నిద్రపోలేదు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. వాడి నోట్లోంచి 'వెళ్లొద్దు' అన్న మాట ఎక్కడ ఊడిపడుతుందోనని నేను బిక్కుబిక్కుమంటూ చూస్తున్నాను. ఆ మాట వాడు అంటే ఆ పిల్ల బెదిరిపోతుంది. అలాగని ఏమీ అనకుండా కారు కదిలిపోతే నేనే అడ్డం పడేలా ఉన్నాను.

"బాబూ, మరి తీసుకెళ్లమంటావా?" అన్నారు సన్యాసిరావుగారు. పెద్దాయనకి అల్లుడి మొహం చూడటం కష్టంగా ఉంది.

"ఆవిడ ఎలా అంటే అలాగే మావయ్యగారూ," అన్నాడు ఫణి.

మృదుల మెట్టు దిగబోయి ఆగింది. "మీకెలా ఉందో చెప్పండి. నిన్న అంత ఏడ్చారు కదా."

"మీరు ఉంటే బాగుండునని ఉంది," అన్నాడు ఫణి. "అది నా సంగతి. మీరు దానికోసం ఉండక్కర్లేదు."

ఆమె వాడి వైపు తిరిగి సూటిగా చూసింది. "ఒకటి అడుగుతాను, నిజం చెప్పాలి. నాకు ఎప్పటికీ ఏదీ గుర్తుకు రాకపోవచ్చు. మీ ఆవిడ ఇక రాదు. అప్పుడు ఈ ఇంట్లో నేనెవర్ని?"

వాడు 'నువ్వే నా భార్యవి' అంటాడనుకున్నాను. నేనైతే అదే అనేదాన్ని. వాడు కన్నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు. ఆ వేళ మాత్రం వాడు ఆమెనే చూశాడు, ఆమె వెనకాల ఎవరినీ వెతకలేదు.

"తెలీదండీ," అన్నాడు. "మీరెవరో నాకు నిజంగా తెలీదు. నిన్న మీరు నవ్వితే, అంత గట్టిగా నవ్వుతారని కూడా నాకు తెలీదు. తెలుసుకోవాలని మాత్రం ఉంది."

మృదుల తల వంచుకుని నిలబడింది. సన్యాసిరావుగారు ఏదో అనబోతే నేను కళ్లతోనే వారించాను. ఆమె అడుగు వెనక్కి వేసి గడప లోపల నిలబడి, "నాన్నా, ఆ బ్యాగు దింపించు," అంది. "నువ్వు మాత్రం భోంచేసి వెళ్దువుగాని."